సోషల్ మీడియాలో టీచర్ల సొంత లెర్నింగ్ నెట్‌వర్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ పాఠాలు చెప్పే టీచర్లు, లెక్చరర్లు ట్రైనింగుల్లో, టీ బ్రేకుల్లో పదేపదే అడిగే ప్రశ్నలివి. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీకు పనికొచ్చే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

లెర్నింగ్ నెట్‌వర్క్ అంటే ఇంకో వాట్సాప్ గ్రూపేనా? ఇప్పటికే ఫోన్ మోయలేకుండా ఉంది.

మీ ఫోన్‌లో ఉన్న గ్రూపులు ఒకసారి చూడండి. మండలం గ్రూపు, కాంప్లెక్స్ గ్రూపు, స్కూల్ స్టాఫ్ గ్రూపు, యూనియన్ గ్రూపు, పేరెంట్స్ గ్రూపు, డీఏ, పీఆర్సీ కబుర్లు వచ్చే గ్రూపు. పైనుంచి సర్క్యులర్లు దిగుతుంటాయి, కింద నుంచి ‘నోటెడ్ సర్’లు ఎక్కుతుంటాయి. ఉద్యోగానికి అవన్నీ కావాల్సిందే. కానీ నిన్న క్లాసులో మీకు ఎదురైన చిక్కు వాటిలో పెట్టి చూడండి, ఒక్కరూ పలకరు. అందుకోసం పెట్టిన గ్రూపులు కావవి.

లెర్నింగ్ నెట్‌వర్క్‌లో మిమ్మల్ని ఎవరూ చేర్చరు. మనుషుల్ని మీరే ఏరుకుంటారు. మీ సబ్జెక్టులో మీకంటే ముందున్న ఒకరిద్దరు, మీలాగే తంటాలు పడుతున్న నలుగురు, మీరు చెప్పేది తేలిగ్గా ఒప్పుకోని ఒకరు. వీళ్లంతా ఒకే యాప్‌లో ఉండనక్కర్లేదు, ఒకరికొకరు తెలియాల్సిన పని కూడా లేదు. ఒకరి వీడియోలు చూస్తారు, ఒకరితో మెసేజ్‌లో మాట్లాడతారు, ఇంకొకరిని నెలకోసారి కలుస్తారు. గత నెలలో వీళ్లవల్ల మీ క్లాసులో ఒక్క పీరియడైనా మారిందా అని మిమ్మల్ని మీరే అడగండి. మారి ఉంటే మీకు నెట్‌వర్క్ ఉన్నట్టే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఆలోచనే. 1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు దర్జీలు, మంత్రసానులు లాంటివాళ్లు పని ఎలా నేర్చుకుంటారో వివరించారు. కొత్తవాళ్లు ముందు అంచున నిలబడి చిన్నచిన్న పనులు చేస్తూ, పెద్దవాళ్లను గమనిస్తూ, మెల్లగా లోపలికి వస్తారన్నది వాళ్ల మాట. 2005లో కెనడాకు చెందిన జార్జ్ సీమెన్స్, ఇంటర్నెట్ కాలంలో చదువు మనుషుల మధ్య, సమాచార వనరుల మధ్య ఉండే లింకుల్లోనే ఉంటుందంటూ ‘కనెక్టివిజం’ అని పేరు పెట్టాడు. 2008లో ఆయన, స్టీఫెన్ డౌన్స్ కలిసి మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున నడిపిన ఆన్‌లైన్ కోర్సులో 2 వేల మందికి పైగా చేరారు. ఎవరైనా చేరగల భారీ ఆన్‌లైన్ కోర్సుకు వాడే ‘మూక్’ అనే మాట పుట్టింది దాన్ని చూసే. 2009లో ట్విట్టర్‌లో మంగళవారాలు ‘ఎడ్‌చాట్’ పేరుతో టీచర్ల చర్చలు మొదలయ్యాయి. పర్సనల్ లెర్నింగ్ నెట్‌వర్క్ అన్న మాట టీచర్ల నోళ్లలో బాగా నానింది ఆ రోజుల్లోనే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ టర్మ్‌లో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన ఒక్క విషయం కాగితం మీద రాయండి. ‘లెక్కలు బాగా చెప్పాలి’ అని రాస్తే అది ఎవరికీ అందదు. ‘ఆరో తరగతిలో సగం మంది 1/2కి 1/3 కలిపితే 2/5 అంటున్నారు’ అని రాయండి. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఎక్కడో ఉంటారు, వెతికితే దొరుకుతారు.

మన దగ్గర ఇలాంటి ప్రశ్నలకు కొదవలేదు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలూ వచ్చాయి. నిన్నటిదాకా ‘కిరణజన్య సంయోగక్రియ’ అని చెప్పిన సారే ఇప్పుడు ‘ఫొటోసింథసిస్’ అనాలి, తెలుగులో అర్థం చేయించాలి, మళ్లీ ఇంగ్లిష్‌లో రాయించాలి. కూకట్‌పల్లి, ఉప్పల్ లాంటి చోట్ల అదే బెంచీల మీద ఇంట్లో హిందీ, ఒడియా, మరాఠీ మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. పాతబస్తీ వైపు ఉర్దూ. ఈ పరిస్థితికి రెడీమేడ్ జవాబు ఏ ట్రైనింగ్ మాడ్యూల్‌లోనూ ఉండదు. పక్క మండలంలో ఇదే అవస్థ పడుతున్న టీచర్ దగ్గర సగం ఉంటుంది. ఎక్కడో గిరిజన బడిలో ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్న మేడమ్ దగ్గర ఇంకో పావు వంతు ఉంటుంది. మిగతాది మీ క్లాసులో మీరే తేల్చుకోవాలి.

కాబట్టి ఒక్క ప్రశ్న పట్టుకుని వారం పాటు వెతకండి. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో తెలుగు మాటలతో ఒకసారి, ఇంగ్లిష్ మాటలతో ఒకసారి. పోస్టుకన్నా కింద కామెంట్లు జాగ్రత్తగా చదవండి. ‘మా క్లాసులో ఇలా చేయించాను, ఫలానా చోట పిల్లలు తడబడ్డారు’ అని రాసేవాళ్లు అక్కడక్కడా తగులుతారు. వాళ్ల పేర్లు రాసుకోండి. ‘సూపర్ సర్’, ‘గ్రేట్ మేడమ్’ అన్నవాళ్లను ప్రశాంతంగా దాటేయండి.

ఏ యాప్ మంచిది?

అందరూ మొదట అడిగేది ఇదే. మనుషులు దొరికాక దీనికి పెద్ద విలువుండదు గానీ, తేడాలు తెలిసుంటే కొంత శ్రమ తప్పుతుంది.

వాట్సాప్ అందరి దగ్గరా ఉంటుంది, దాని బలమంతా అదే. గ్రూపులో 1,024 మంది దాకా పట్టినా, అంతమందిలో మాట సాగదు. నెల క్రితం ఎవరో పెట్టిన మంచి వర్క్‌షీట్ కావాలంటే గుడ్ మార్నింగ్ పూల కుప్ప కింద తవ్వుకోవాలి. ఒకే సబ్జెక్టు, దగ్గరదగ్గర తరగతులు చెప్పే పది పదిహేను మందితో అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

టెలిగ్రామ్ గ్రూపులో 2 లక్షల మంది వరకు ఉండొచ్చు, పెద్ద ఫైళ్లు పెట్టుకోవచ్చు, ఫోన్ నంబరు కనపడకుండా దాచుకోవచ్చు. మన దగ్గర మాత్రం అది డీఎస్సీ, టెట్ మెటీరియల్‌కు అడ్డాగా మారింది. అక్కడ పాఠం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, పీడీఎఫ్ అడిగేవాళ్లు ఎక్కువ.

ఫేస్‌బుక్ ముసలివాళ్లదని కుర్ర టీచర్లు నవ్వుతారు. నా లెక్కలో తెలుగు టీచర్లకు ఇప్పటికీ అదే మంచి చోటు. గ్రూపుల్లో పాత పోస్టులు సెర్చ్‌లో దొరుకుతాయి, ఒక ప్రశ్న మీద నడిచిన చర్చంతా ఒకే చోట ఉంటుంది, తెలుగులో పొడుగ్గా రాసినా ఎవరూ వింతగా చూడరు.

యూట్యూబ్‌ను సోషల్ మీడియాగా ఎవరూ లెక్కేయరు. ఒక చిన్న ఛానల్ నడిపే టీచర్ వీడియో కింద వివరంగా ప్రశ్న రాయండి, చాలాసార్లు ఆయనే జవాబిస్తారు. 2023 జులైలో ఎక్స్‌గా పేరు మార్చుకున్న ట్విట్టర్‌లో పరిశోధకులు, పాలసీ రాసేవాళ్లు ఇంకా కొందరున్నారు, ఎడ్‌చాట్ రోజుల సందడి మాత్రం లేదు. లింక్డ్‌ఇన్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్లవాళ్లు, ఎన్జీఓలవాళ్లు ఎక్కువ, సొంత డబ్బా ఇంకా ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో చార్టులు, క్లాస్‌రూమ్ అలంకరణ బాగుంటాయి. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో ముప్పై సెకన్ల రీల్‌లో చెప్పడం మాత్రం కష్టం.

మాట్లాడుకోవడానికి ఒకటి, చూసి నేర్చుకోవడానికి ఒకటి పెట్టుకుంటే చాలు. మూడోది తెరిచిన రోజు నుంచి మూడూ సరిగా చూడరు.

ఎవరిని ఫాలో అవ్వాలి?

మీలాంటివాళ్లనే పోగేసుకుంటే మీకు తెలిసిందే తిరిగి తిరిగి వినిపిస్తుంది. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక సంగతి బయటపెట్టాడు. ఉద్యోగాల కబురు జనానికి ఎక్కువగా అందింది ప్రాణస్నేహితుల నుంచి కాదట, అప్పుడప్పుడు మాత్రమే కలిసే పరిచయస్తుల నుంచట. దగ్గరివాళ్లకు తెలిసినవన్నీ మనకూ తెలిసే ఉంటాయి మరి. స్టాఫ్ రూమ్‌కీ ఇదే వర్తిస్తుంది.

అందుకే ఒకరిని మీ సబ్జెక్టులోనే వేరే మీడియం నుంచి తీసుకోండి. ఉర్దూ మీడియం సైన్స్ టీచర్లు, తెలుగు మీడియం సైన్స్ టీచర్లు ఒకే కాంపౌండ్‌లో పనిచేస్తూ పాఠం గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోని బడులు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలి. వెనకబడిన పిల్లల గురించి మనం ‘శ్రద్ధ లేదు’ అని తేల్చేసే చోట వాళ్లు వేరే కారణాలు చూస్తారు. మీకంటే కింది తరగతులు చెప్పే ఒకరు కూడా ఉండాలి. ఎనిమిదో తరగతి బీజగణితం సమస్య చాలాసార్లు మూడో తరగతిలో పుట్టి ఉంటుంది.

సబ్జెక్టు లోతు కోసం ఊళ్లోనే ఉన్న సంస్థల పేజీలు చూడండి. ఇంగ్లిష్‌కు తార్నాక వైపు ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, దానితోపాటు చెన్నై కేంద్రంగా 1969 నుంచి ఉన్న ఇంగ్లిష్ టీచర్ల సంఘం ఎల్టాయ్. ఉర్దూకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ. జీవశాస్త్రానికి హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. ‘టీచర్ ప్లస్’ అనే ఇంగ్లిష్ పత్రిక హైదరాబాద్ నుంచే వస్తుందన్న సంగతి మన టీచర్లలో చాలామందికి తెలియదు. దానిలో రాసేవాళ్లలో ఎక్కువమంది క్లాసులో నిలబడి చెప్పేవాళ్లే.

నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. తెలుగులో రాస్తే ఎవరు చూస్తారు?

మీ సమస్య ఉన్నవాళ్లు చూస్తారు. ఇంగ్లిష్‌లో రాస్తే ప్రపంచమంతా చదువుతుందనుకుంటాం గానీ, ఆరో తరగతి పిల్లాడు ‘నిష్పత్తి’ని ‘నిష్పక్షపాతం’తో కలిపేసుకున్నాడని రాస్తే నవ్వుకుని, ఆలోచించి, జవాబిచ్చేది తెలుగు టీచరే. టైపింగ్ కష్టమైతే గూగుల్ కీబోర్డ్‌లో మైక్ నొక్కి మాట్లాడండి, తప్పులు దిద్దుకుని పెట్టండి. ఇంగ్లిష్‌లో చదవడానికి ట్రాన్స్‌లేట్ ఉంది. మొత్తం అర్థం కాకపోయినా విషయం తెలుస్తుంది.

పోస్టు పెట్టాలంటే భయం. హెచ్ఎం చూస్తారు, తోటివాళ్లు ‘ఇది కూడా తెలియదా’ అంటారు.

కొన్నాళ్లు ఊరికే చదవండి, తప్పేం లేదు. లేవ్, వెంగర్ చెప్పిన అంచున నిలబడటం ఇదే. తర్వాత వేరేవాళ్ల ప్రశ్నకు మీ అనుభవం నాలుగు వాక్యాల్లో రాయండి. ప్రశ్న అడగడం కన్నా ఇది తేలిక.

మీరు అడిగే రోజు వచ్చినప్పుడు ప్రశ్న ఎలా ఉందన్నదే ముఖ్యం. ‘పూర్ణసంఖ్యలు ఎలా చెప్పాలి సర్?’ అంటే రెండు పీడీఎఫ్‌లు, ఒక నమస్కారం బొమ్మ వస్తాయి. ఇలా అడిగి చూడండి: ‘ఏడో తరగతి. మైనస్ 3లోంచి మైనస్ 5 తీసేయమంటే ఎక్కువమంది మైనస్ 8 అంటున్నారు. సంఖ్యారేఖ మీద చేయించాను, అక్కడ సరిగానే చేశారు. నోట్‌బుక్‌లోకి వచ్చేసరికి మళ్లీ మైనస్ 8. ఎరుపు, నీలం గింజలతో చేయించాలనుకుంటున్నా. ఎవరైనా చేశారా? ఎక్కడ తేడా కొట్టింది?’ ఇందులో తరగతి ఉంది, పిల్లలు చేసిన తప్పు ఉంది, మీరు ప్రయత్నించింది ఉంది, మీరు చేయబోయేదీ ఉంది. ఇది చదివి ‘ఇది కూడా తెలియదా’ అనే ధైర్యం ఎవరికీ రాదు. ఇక్కడ మీరు పని చేసి అడుగుతున్నారు.

ఒకటి మర్చిపోకండి. సలహా తీసుకున్నాక క్లాసులో ఏమైందో వెనక్కి వచ్చి రాయాలి. పనిచేయకపోయినా సరే. మన గ్రూపుల్లో ఎవరూ చేయని పని ఇదే. ‘మీరు చెప్పినట్టు గింజలతో చేయించాను, సున్నా జతలు కలపడం దగ్గర ఆగిపోయారు’ అని రాసినవాళ్లకు తర్వాతి ప్రశ్నకు జవాబులు వెతుక్కుంటూ వస్తాయి.

మేడమ్‌లు అడిగేది: గ్రూపులో చేరగానే పర్సనల్ మెసేజ్‌లు మొదలవుతున్నాయి.

వాట్సాప్ గ్రూపులో మీ నంబరు అందరికీ కనిపిస్తుంది. తెలియనివాళ్లు ఎక్కువున్న చోటికి నంబరు దాచుకునే వీలున్న టెలిగ్రామ్, లేదా ఫేస్‌బుక్ గ్రూపు మేలు. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి, గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో కూడా సెట్టింగ్స్‌లో మార్చుకోండి. పాఠంతో సంబంధం లేని ‘గుడ్ మార్నింగ్ మేడమ్’కు జవాబు ఇవ్వనక్కర్లేదు. రెండోసారి వస్తే బ్లాక్ చేయండి, స్క్రీన్‌షాట్ అడ్మిన్‌కు పంపండి. అడ్మిన్ పట్టించుకోకపోతే ఆ గ్రూపులో ఉండి నేర్చుకునేదేమీ లేదు.

పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టొచ్చా?

పెట్టకపోవడమే నా సలహా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి ఉండాలంటుంది. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టించుకున్నాం కదా అని మీ సొంత ఫేస్‌బుక్‌లో పెట్టేయడం సరికాదు. చట్టం పక్కన పెట్టినా, తప్పు చదువుతూ తడబడిన పిల్లాడి వీడియో వాడు ఇంటర్‌కి వచ్చాక కూడా ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది.

నిజానికి తోటి టీచర్లకు పిల్లల మొహాలతో పనిలేదు. వాళ్లకు కావాల్సింది పిల్లలు రాసింది. నోట్‌బుక్ పేజీ ఫొటో తీయండి, పేరున్న లేబుల్ రాకుండా చూసుకోండి. చేతులు, గింజలు, చార్టు కనిపిస్తే చాలు. యూనిఫాం బ్యాడ్జీ, గోడ మీద స్కూల్ పేరు, హాజరుపట్టీ ఫ్రేములో పడ్డాయేమో పెట్టేముందు ఒకసారి చూడండి. క్లాసులో నవ్వు తెప్పించిన తప్పు జవాబు స్టేటస్‌లో పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ పిల్లాడి అమ్మ కూడా మీ కాంటాక్టుల్లోనే ఉంటుంది.

ప్రభుత్వ టీచర్‌ని. ఏం రాస్తే ఇబ్బంది?

1964 నాటి ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద దానిలో ఆంక్షలున్నాయి. ఫలానా పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో రాయడానికి ఆ సమస్య రాదు. బదిలీలు, జీఓల మీద కోపం యూనియన్ గ్రూపులో చూపించుకోండి, అక్కడ కూడా స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు ఉంటారని గుర్తుంచుకుని. ప్రైవేటు స్కూల్ అయితే అపాయింట్‌మెంట్ లెటర్ మరోసారి చదవండి. తయారుచేసిన మెటీరియల్ బయట పెట్టకూడదని కొన్ని యాజమాన్యాలు రాయించుకుంటాయి.

గ్రూపుల్లో వచ్చే ‘పరిశోధనల’ను నమ్మొచ్చా?

‘చదివితే 10 శాతం, వింటే 20 శాతం, ఇతరులకు నేర్పితే 90 శాతం గుర్తుంటుంది’ అనే పిరమిడ్ బొమ్మ మీకూ వచ్చే ఉంటుంది. ట్రైనింగ్ స్లైడ్లలో కూడా చూశాను. ఆ శాతాలకు ఆధారమైన పరిశోధన లేదు. దానికి మూలమని చెప్పే, 1946లో ఎడ్గర్ డేల్ గీసిన శంకువు బొమ్మలో అసలు అంకెలే లేవు, తర్వాత ఎవరో చేర్చారు. అలాగే, ఒక పిల్లాడు చూసి నేర్చుకుంటాడు, ఒకడు విని నేర్చుకుంటాడు, దానికి తగ్గట్టే చెప్పాలన్న మాట కూడా వస్తుంటుంది. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, అలా విడగొట్టి చెప్పడానికి తగిన ఆధారం కనపడలేదన్నారు. అయినా ఏటా కొత్త బ్యాచ్‌కు అదే చెబుతున్నారు.

శాతాలన్నీ పదుల్లో, గుండ్రంగా ఉంటే అనుమానించండి. ఎవరు, ఎప్పుడు, ఏ వయసు పిల్లలతో చేశారని పంపినవారిని మర్యాదగా అడగండి. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. అలాంటివాటిని ఒకసారికి ఒక చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లో పరిమితి పెట్టింది కూడా. మీరు ఆ ఒక్క చాట్‌కూ పంపకండి.

పీడీఎఫ్‌లు పంచుకోవచ్చా?

గైడ్లు, కోచింగ్ మెటీరియల్ స్కాన్లు పంచడం కాపీరైట్ ఉల్లంఘనే, అందరూ చేస్తున్నా సరే. పంచుకోవడానికే పెట్టినవి బోలెడున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, మీరే అనువదించి చేర్చవచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు సైన్స్, గణితానికి ఉచితం.

చాట్‌జీపీటీని అడిగితే సరిపోదా?

వర్క్‌షీట్ తయారీకి, ఇంగ్లిష్ వాక్యం దిద్దుకోవడానికి హాయిగా వాడండి. గింజల కృత్యం నలభై ఐదు మంది ఉన్న గదిలో, ఫ్యాను కూడా లేని ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా నడిచిందో చెప్పాలంటే మాత్రం చేయించినవాళ్లే కావాలి.

టైమ్ ఎక్కడుంది? సేవ్ చేసినవే చూడలేకపోతున్నాను.

సేవ్ నొక్కగానే నేర్చుకున్నామన్న తృప్తి వచ్చేస్తుంది, చిక్కంతా అక్కడే. హెరాల్డ్ జార్ష్ అనే కెనడా నిపుణుడు వెతకడం, అర్థం చేసుకోవడం, పంచుకోవడం అని మూడు మెట్లు చెబుతాడు. మనం మొదటి మెట్టు నుంచి నేరుగా మూడోదానికి దూకుతాం, దాని పేరే ఫార్వర్డ్. మధ్య మెట్టుకు లెసన్ ప్లాన్ పుస్తకం వెనక పేజీలు చాలు. చూసినదాంట్లో రేపో ఎల్లుండో చేయించబోయేది ఒక్కటి, ఏ తరగతికి, ఏ పీరియడ్‌లో అని తేదీతో రాసుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్లేవాళ్లకు చదవడానికి టైమ్ దొరుకుతుంది. రాసుకోవడానికి స్టాఫ్ రూమ్‌లో ఐదు నిమిషాలు పడుతుంది. నోటిఫికేషన్లన్నీ మ్యూట్ చేయండి, ఆఫీసు గ్రూపు తప్ప.

జాతీయ విద్యా విధానం చెప్పిన 50 గంటల్లోకి ఇది వస్తుందా?

2020 విధానం ప్రతి టీచర్ ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ పొందాలంటుంది. ఫేస్‌బుక్ చర్చకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. సర్టిఫికెట్ కావాలంటే 2017లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు దీక్షా, స్వయంలో కోర్సులు చేయాలి. అక్కడ ఒక కోర్సు ఎంచుకుని, మీ నెట్‌వర్క్‌లో ఇద్దరితో కలిసి ఒకేసారి చేయండి. ఒంటరిగా చేస్తే వీడియో నడుస్తుంటుంది, మనం వంట చేసుకుంటుంటాం.

నేరుగా కలవాల్సిన అవసరం ఉందా?

ఉంది. ఒకసారి ఎదురుగా కూర్చుని చాయ్ తాగినవాళ్ల మధ్య ఆన్‌లైన్ మాట కూడా మారిపోతుంది, అభిప్రాయభేదం గొడవగా మారదు. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లో ఒక టేబుల్, డిసెంబరులో జరిగే బుక్ ఫెయిర్, నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌కు పిల్లల్ని తెచ్చిన రోజు, ఏదైనా సరే. కాంప్లెక్స్ మీటింగ్‌లో లంచ్ కూడా పనికొస్తుంది, సంతకాల దగ్గర గుమిగూడకుండా ఉంటే.

గ్రూపు చల్లబడిపోయింది. మళ్లీ ఎలా లేపాలి?

లేపనక్కర్లేదు. సిలబస్ మారుతుంది, బదిలీలు అవుతాయి, అడ్మిన్‌కు ప్రమోషన్ వస్తుంది, గ్రూపులకు ఆయుష్షు ఉంటుంది. వేసవి సెలవులకు ముందు దానిలోని మంచి ఫైళ్లు తరగతివారీగా పేర్లు పెట్టి డ్రైవ్‌లో దాచుకోండి. మీతో నిజంగా పాఠాల గురించి మాట్లాడినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్ల నంబర్లు సేవ్ చేసుకోండి. జూన్‌లో బడులు తెరిచే ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఈ ఏడు ఎవరికి ఏ తరగతులు వచ్చాయో అడగండి. తరగతులు కలిస్తే నలుగురితో కొత్త గ్రూపు పెట్టుకోవచ్చు. కలవకపోతే ఫోన్లు సరిపోతాయి.